ఆచూకీ తెలియని సైనికుని పేరు పక్కన ఏమి రాయాలి?

ప్రశ్న: మా పెదనాన్న 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున గల్లంతయ్యారు. పెద్దమ్మ ఈనాటికీ బొట్టు పెట్టుకుంటారు, ఆయన పటానికి దండ వేయనివ్వరు. ఊరి బడిలో ఆయన పేరిట శిలాఫలకం పెట్టాలనుకుంటున్నాము. మరణించిన తేదీ లేకుండా ఫలకం ఏమిటని బంధువులు అంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, తేదీ వేయించకండి. డిసెంబరు 3న మొదలై పశ్చిమ సరిహద్దున 17న ముగిసిన ఆ యుద్ధంలో ఏదో ఒక రోజును మనమే ఎంచి రాతిమీద చెక్కిస్తే, ఎవరికీ తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పినవాళ్లమవుతాము. అలా గల్లంతై పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భావించిన మనవాళ్లలో 40 మంది పేర్లను ప్రభుత్వం 1979లో లోక్‌సభలో వెల్లడించింది. ఆ లెక్క తరువాత 54కు చేరింది. తమ దగ్గర ఎవరూ లేరనే పాకిస్తాన్ చెబుతూ వచ్చింది. 2007లో కొందరి బంధువులు స్వయంగా అక్కడి జైళ్లకు వెళ్లి వెతికినా, తమవారి జాడ దొరకక తిరిగివచ్చారు.

ఏడేళ్లు కబురు లేని మనిషిని మరణించినట్లు భావించవచ్చని చట్టం చెబుతుంది. పన్నెండేళ్లు చూసి, ప్రతిమ చేసి దహనం జరిపించే ఆచారమూ మనలో ఉంది. ఆస్తి, వారసత్వం వంటి వ్యవహారాలు ఆగిపోకుండా చట్టం ఆ గడువు పెట్టింది గాని, భార్య ఎదురుచూపునకు గడువు పెట్టే హక్కు దానికీ లేదు, మీ బంధువులకూ లేదు. 1984లో సియాచిన్‌లో మంచుచరియల కింద పడిపోయిన కుమావూన్ రెజిమెంటు జవాను దేహం 38 ఏళ్లకు, 2022 ఆగస్టులో దొరికింది. ఆర్మీ నంబరున్న బిళ్లను బట్టి ఆయనను గుర్తుపట్టి, ఇంటికి చేర్చారు. అన్నాళ్లూ ఆ ఇల్లాలు కూడా మీ పెద్దమ్మ వలెనే గడిపి ఉంటుంది.

ఫలకం మీద పేరు, హోదా, ఆర్మీ నంబరు, యూనిట్ వేయించి, కింద ‘1971 యుద్ధంలో గల్లంతయ్యారు’ అని మాత్రం రాయించండి. నంబరులో ఒక్క అంకె కూడా తప్పకూడదు. ‘56 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు) అని చిరునామా ఉన్న ఆయన పాత ఉత్తరాలు ఇంట్లో ఉంటే, నంబరు, యూనిట్ ఆయన చేతిరాతలోనే దొరుకుతాయి. వాటిని నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించి, రెజిమెంటు రికార్డు కార్యాలయానికి రాయమని అడగండి. మద్రాస్ రెజిమెంటు అయితే ఆ కార్యాలయం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉంది.

ఆ ఉత్తరాలను పెద్దమ్మ చేతనే పెట్టెలోంచి తీయించండి. ఫలకం మాటలను ముందు ఆమెకు చదివి వినిపించి, ఆమె సరేనన్న తరువాతే రాతిపనివారికి ఇవ్వండి.