బోనస్ డబ్బుతో లాకరా, వించా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,12,000 వస్తుంది. ఇంటి ఈఎంఐ 38,000, కారు ఈఎంఐ 14,000, ఇంటి ఖర్చులు 35,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000. సేవింగ్స్ ఖాతాలో 1,10,000 ఉంది. ఈ నెలాఖరుకు బోనస్ 1,80,000 వస్తుంది. 2021 మోడల్ డీజిల్ థార్ ఫోర్ బై ఫోర్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఏడాదికి ఆరేడు సార్లు వికారాబాద్ వైపు ఆఫ్-రోడింగ్‌కి వెళ్తాం. ఒక్కోసారి మా ఆవిడ, పాపతో ఒక్క బండిలోనే వెళ్తాను. వెనక డిఫరెన్షియల్ లాకర్‌కి (చక్రాలకు బలం పంచే గేర్లను బిగించి రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పేది) 1,45,000, వించ్‌కి (దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు) 85,000 కొటేషన్ ఇచ్చారు. బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల లోన్ ఇస్తానంటోంది. రెండూ పెట్టించనా? ఒకటే అయితే ఏది?

జవాబు: మీ మెయిల్‌లో ‘లాకర్’ అన్న మాట చూసి, బంగారం పెట్టుకునే బ్యాంకు లాకర్ గురించేమో అనుకున్నాను. చదివాక నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ బురదలో నేనూ దిగినవాణ్నే.

రెండేళ్ల కిందట వికారాబాద్ వైపు కోటిపల్లి ప్రాజెక్టు దగ్గర, వాన పడిన మర్నాడు, మిత్రుడి జీపు రేగడిలో దిగబడింది. తాండూరు కంది పండే నేల అది, తడిస్తే బంకలా పట్టేస్తుంది. టైరు గాళ్లన్నీ మట్టితో పూడి నున్నగా అయిపోయాయి. ఆ జీపుకి లాకర్ ఉంది. లాకర్ వేస్తే రెండు వెనక చక్రాలూ చక్కగా కలిసి తిరిగాయి, కలిసే ఇంకో జానెడు కిందికి దిగాయి. చివరికి పక్క ఊరి నుంచి ట్రాక్టర్ వచ్చి లాగింది, 1,500 తీసుకున్నారు.

లాకర్ దండగని కాదు. గుంటలో ఒక వెనక చక్రం గాల్లోకి లేస్తే, మామూలు డిఫరెన్షియల్ ఆ లేచిన చక్రాన్నే ఊరికే తిప్పుతుంది, నేల మీదున్నది కదలదు. లాకర్ రెండింటినీ ఒకే వేగంతో తిప్పుతుంది కాబట్టి రాళ్ల ఎక్కుడులో, గుంతల దారిలో అదే రాజు. కానీ బండి పొట్ట నేలకు ఆనిందంటే దాని పని అయిపోయినట్టే. అక్కడ వించ్ కావాలి. వించ్‌కీ ఒక చిక్కుంది, కట్టడానికి గట్టి చెట్టో ఇంకో బండో ఉండాలి. ఎండిన చెరువు మధ్యలో ఏం కడతారు?

ఇక డబ్బు సంగతి. రెండూ లోన్ మీద పెట్టిస్తే 2,30,000కి నెలకు దాదాపు 7,860 చొప్పున మూడేళ్లు కట్టాలి. వడ్డీయే 53 వేల దాకా అవుతుంది. నాకు తెలిసిన రేటుకి ముప్పై అయిదుసార్లు ట్రాక్టర్‌తో లాగించుకోవచ్చు! ఆ లోన్ వద్దు.

ఒకటే అంటే నా ఓటు వించ్‌కి. లాకర్ యాక్సిల్ (ఇరుసు) లోపల కూర్చుంటుంది, బండి అమ్మేటప్పుడు దానితోనే పోతుంది. కొనేవాడు దానికి పైసా ఎక్కువ ఇవ్వడు. పైగా యాక్సిల్ డబ్బా విప్పి, లోపలి క్రౌన్, పీనియన్ గేర్ల మధ్య గ్యాప్ సరిగ్గా పెట్టకపోతే కూత మొదలవుతుంది, ఆ ఖర్చు వేరే. వించ్‌ని విప్పి ఇంకో బండికి పెట్టుకోవచ్చు, విడిగా అమ్మొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పాపను వెంటబెట్టుకుని ఒక్క బండిలో వెళ్తున్నారు. అక్కడ మిమ్మల్ని లాగే రెండో బండి లేదు.

అసలు ముందు మీ బండి ఏ వేరియంటో చూడండి. 2020 అక్టోబర్‌లో వచ్చిన థార్‌లో కొన్ని వేరియంట్లకు కంపెనీయే వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చింది. దానికి బటన్ ఉండదు, ఒక చక్రం మరీ ఎక్కువ తిరిగితే దానంతటదే పట్టుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లలో చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు. ఉంటే మీ 1,45,000 ప్రశ్న అక్కడితో సరి.

వించ్ కూడా ఇప్పుడే కాదు. ఈఎంఐలు, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకు 87,000 కావాలి. మీ దగ్గరున్నది నెలా పది రోజులకు కూడా సరిపోదు. మీ రంగంలో ఉద్యోగాల పరిస్థితి నేను చెప్పక్కర్లేదు. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 2,61,000 పక్కనుండాలి. అందుకని బోనస్‌లో 1,51,000 ఎఫ్‌డీలో వేసి మర్చిపోండి. మిగిలిన 29,000లో 12,000 లోపు పెట్టి సాగే టోయింగ్ తాడు, రెండు షాకిల్స్ (తాడును బండికి తగిలించే ఇనుప కొక్కేలు), గాలి కొట్టే చిన్న కంప్రెసర్ కొనండి. బురదలో దిగేముందు టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే సగం తిప్పలు అక్కడే తప్పుతాయి, దానికి రూపాయి ఖర్చు లేదు. తర్వాత చేతిలో ఉండే 17,000కి నెలకు 8,500 చొప్పున ఎనిమిది నెలలు కలిపితే సరిగ్గా 85,000. అప్పటిదాకా కుటుంబంతో ఒంటరిగా బురదలోకి దిగకండి, ఇంకో బండి తోడుంటేనే వెళ్లండి.

కొనేటప్పుడు బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది చూసుకోండి. పూర్తి లోడ్‌లో వించ్ 400 ఆంపియర్ల దాకా లాగుతుంది, బ్యాటరీ పాతదైతే దాని ఖర్చూ కలుపుకోండి. షాపువాళ్లు దానితోపాటు పెద్ద ఇనుప బంపర్ అంటగట్టాలని చూస్తారు, ఒప్పుకోకండి. బుల్ బార్లు (బండి ముందు బిగించే ఇలాంటి ఇనుప కడ్డీలు) తీయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ముందు ఇనుప బంపర్ ఉంటే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు సరిగ్గా పని చేయకపోవచ్చు, ఆ సంగతి సరేసరి. కంపెనీ బంపర్ వెనకే ఇమిడేలా బిగించమనండి, ఏది బిగించవచ్చో ముందు ఆర్టీవోలో అడగండి.

బిగించాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీలో చేర్పించండి. ఇలాంటి ఎలక్ట్రికల్ యాక్సెసరీకి మామూలుగా విలువలో 4 శాతం, అంటే మీకు 3,400, పైన జీఎస్టీ పడుతుంది. ఈ ఖర్చు ఏటా ఉంటుంది, కొటేషన్‌లో ఎవరూ చెప్పరు.