పొడుగు ఉంది, వేగం లేదు. ఫుట్‌బాల్‌లో సెంటర్ బ్యాక్‌గా నిలదొక్కుకోగలనా?

తప్పకుండా నిలదొక్కుకోవచ్చు. నేను సికింద్రాబాద్ గ్రౌండ్స్‌లో ఏళ్ల తరబడి స్టాపర్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో కాపు కాసే సెంటర్ బ్యాక్‌గానే ఆడాను. నాదీ మీలాంటి ఒళ్లే, పరుగు పందెం పెడితే ఫార్వర్డ్‌లు ఎవరైనా నన్ను దాటేసేవాళ్లు. అప్పట్లో నాకు ధైర్యం ఇచ్చినవాడు గ్రీస్ డిఫెండర్ ట్రయానోస్ డెల్లాస్.

1976లో థెస్సలొనీకిలో పుట్టాడు, ఎత్తు దాదాపు ఆరడుగుల ఐదంగుళాలు. ఆ ఊరి ఆరిస్ క్లబ్ నుంచి 1997లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యునైటెడ్‌కి వెళ్లాడు. అక్కడ కుదురుకోక రెండేళ్లకే తిరిగొచ్చి ఏఈకే ఏథెన్స్‌లో చేరాడు. తర్వాత ఇటలీలో పెరూజియా క్లబ్, అక్కణ్నుంచి 2002లో రోమా క్లబ్. అంటే పెద్ద క్లబ్ చేరేసరికి 26 ఏళ్లు. ఇరవై దాటగానే అవకాశాలు అయిపోయాయని కంగారు పడే కుర్రాళ్లకి నేను ముందు ఈ సంగతే చెబుతాను.

2004 యూరోకి (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్) ముందు గ్రీస్ పెద్ద టోర్నీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. కోచ్ ఒట్టో రేహాగెల్ ఎదుటి ఫార్వర్డ్‌లకి ఒక్కొక్కరికి వెంటే ఉండే ఒక్కో మార్కర్‌ని అంటగట్టి, వాళ్ల వెనక డెల్లాస్‌ని స్వీపర్‌గా, అంటే వాళ్లని దాటొచ్చిన బంతుల్ని అడ్డుకునేవాడిగా నిలబెట్టాడు. పాతకాలం పద్ధతి అని చాలామంది పెదవి విరిచారు. నాకౌట్‌లో ఫ్రాన్స్, చెక్ రిపబ్లిక్, పోర్చుగల్ మూడింటినీ 1-0తోనే ఓడించి కప్పు పట్టుకెళ్లారు. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు!

పోర్టోలో జరిగిన చెక్ సెమీఫైనల్ మనకి అర్ధరాత్రి దాటాక మొదలైంది. అదనపు సమయం మొదటి సగం సరిగ్గా ముగిసే వేళ, కుడివైపు నుంచి గ్రీస్ ఆటగాడు సియార్టాస్ ఎడమకాలితో కార్నర్ కొట్టాడు. డెల్లాస్ దగ్గరి పోస్ట్ వైపు ఒక్క అడుగు ముందేసి తల తాకించాడు. బంతి గోల్‌కీపర్ పెట్ర్ చెక్‌ని దాటి లోపలికి. అప్పటి సిల్వర్ గోల్ నిబంధన ప్రకారం ఆ పదిహేను నిమిషాలు ముగిసేసరికి ఎవరు ముందుంటే వాళ్లదే గెలుపు, కాబట్టి చెక్ జట్టుకి తిరిగి కొట్టే వ్యవధే లేకపోయింది. గ్రీస్ తరఫున అతను కొట్టిన గోల్ అదొక్కటే.

అయితే మీరు నేర్చుకోవాల్సింది గోల్ దగ్గర కాదు. డెల్లాస్ ఫార్వర్డ్ వెంట పడడు, బంతి ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందే చేరతాడు. నేను అతన్ని చూసి అలవాటు చేసుకున్నవి చెబుతాను. పాస్ ఇచ్చేవాడు తల దించి కాలు వెనక్కి లాగగానే రెండడుగులు వెనక్కి జరగండి. ఫార్వర్డ్‌కి ఎదురుగా చదునుగా నిలబడొద్దు, ఒళ్లు సగం తిప్పి నిలబడితే వెనక్కి తిరగడానికి పట్టే క్షణం మిగులుతుంది. పక్క స్టాపర్‌ని పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ ఉండండి. నేల మీద జారి బంతి లాక్కునే స్లైడింగ్ ట్యాకిల్ ఆఖరి దారి. ఇవన్నీ ఒంటబట్టాక, పక్కల నుంచి దూసుకొచ్చే వింగర్లంటే నాకు టెన్షన్ బాగా తగ్గింది.

ఇంకో మేలు కూడా ఉంది. వేగం మీద బతికేవాళ్లు ముప్పై దాటితే తగ్గిపోతారు. డెల్లాస్ 32 ఏళ్ల వయసులో సైప్రస్ క్లబ్ అనోర్తోసిస్‌కి వెళ్లాడు. ఆ సీజన్‌లోనే ఆ క్లబ్ ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకి చేరింది, అంతకుముందు ఏ సైప్రస్ జట్టూ అంత దూరం వెళ్లలేదు. మళ్లీ ఏఈకేకి వచ్చి 2012 దాకా ఆడాడు.

ఆ సెమీఫైనల్ వీడియో దొరికితే బంతిని వదిలేసి డెల్లాస్‌నే చూడండి, ముఖ్యంగా చెక్ వాళ్లు తమ పొడుగాటి ఫార్వర్డ్ యాన్ కోలర్‌కి పొడుగు బంతులు వేసినప్పుడు.