పాఠం డైలాగులో దొరకదు, సింకు కింద దొరుకుతుంది

"కొత్త సినిమాల మీద, నవలల మీద సమీక్షలు రాస్తున్నాను. వాటిలోని జీవిత పాఠాన్ని పట్టుకోబోతే ప్రతిసారీ నీతివాక్యమే వస్తోంది. ఎలా రాయాలి?" అని అడిగారు.

ముందు డైలాగుల వెంట పడటం మానేయండి. పాత్ర నోటితో చెప్పిన నీతి హాల్లో కూర్చున్న ప్రతివాడికీ వినబడింది. దాన్నే మళ్ళీ రాస్తే చదివేవాడికి మీరు కొత్తగా ఇచ్చిందేమీ ఉండదు. కథలో పదేపదే కనబడే వస్తువేదో చూడండి. తన నిర్ణయానికి పాత్ర ఏం పోగొట్టుకుందో చూడండి. పాఠం ఈ రెండు చోట్లే ఉంటుంది.

జియో బేబీ తీసిన మలయాళ సినిమా 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) చూడండి. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి. వంటింట్లో సింకు కింద పైపు కారుతుంటుంది. ప్లంబర్‌ని పిలవమని భర్తకు చెబుతుంది. అతను మర్చిపోతాడు. మళ్ళీ చెబుతుంది, మళ్ళీ మర్చిపోతాడు. ఈలోగా ఆ మురికినీళ్ళు పట్టడం, పారబోయడం ఆమె రోజువారీ పనుల్లో కలిసిపోతుంది. చివరికి ఆ నీళ్ళే మగవాళ్ళ మీద పడతాయి. ఈ సినిమా చూసి 'స్త్రీని గౌరవించాలి' అని రాసేవాళ్ళే ఎక్కువ. అది తప్పని అనను, కానీ దానికి సినిమా చూడాల్సిన పని లేదు. పైపు చెబుతున్నది వేరు: ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాల్సిన అవసరం లేనివాడికే మర్చిపోయే వీలుంటుంది. పైపు విషయంలో అతను కసురుకోనక్కర్లేదు, కాదననక్కర్లేదు. మర్చిపోతే చాలు, భారమంతా ఆమె మీద పడుతుంది. ఈ మాట వంటింటిని దాటి ఆఫీసుకూ ఆసుపత్రికీ కూడా సరిపోతుంది. లోతైన పాఠమంటే నా దృష్టిలో ఇదే.

నీళ్ళు పోసిన సన్నివేశం దగ్గర సమీక్ష ఆపేసేవాళ్ళూ ఉన్నారు. సినిమా అక్కడ ఆగలేదు. ఆమె వెళ్ళిపోయాక అతను ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. అతను తాగిన కప్పు కడగడం ఇప్పుడు కొత్త భార్య వంతు. ఒకరు బయటపడితే ఆ ఒకరు బతుకుతారు, ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది. ఆ కప్పును వదిలేసి 'తిరుగుబాటు గెలిచింది' అని రాస్తే సినిమాకు అన్యాయం చేసినట్టే.

ఇక పని పద్ధతి. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చూడండి. ఆ రాత్రి పడుకునే ముందు గుర్తున్న వస్తువులు, చోట్లు ఓ అయిదు రాసుకోండి. డైలాగులు రాయొద్దు. రెండోసారి చూసేటప్పుడు వాటి కోసమే చూడండి. కనబడిన ప్రతిసారీ నిమిషం, సెకను వేసి, కిందటిసారికీ ఇప్పటికీ ఏం మారిందో ఒక ముక్క రాయండి. రెండుసార్లు కనబడితే యాదృచ్ఛికం కావచ్చు. మూడుసార్లు కనబడి, ప్రతిసారీ ఏదో ఒకటి మారితే అది దర్శకుడు కావాలని పెట్టిందే. నవలకైతే పుస్తకం చివర ఖాళీ పేజీలో పేజీ నంబరు, పక్కన రెండు మాటలు పెన్సిల్‌తో రాసుకోండి. నచ్చిన వాక్యాల కింద గీతలు గీయకండి. గీత గీసిన వాక్యం తీరా రాసేటప్పుడు సమీక్షలోకి వచ్చి కూర్చుంటుంది, మీరు ఆలోచించాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది.

ఆ తర్వాత పాఠాన్ని ఒకే వాక్యంలో రాయండి. అది 'చేయాలి', 'చేయకూడదు' అని ముగిస్తే కొట్టేయండి. 'ఫలానా పరిస్థితి వస్తే ఫలానా వాళ్ళకు ఇలా జరుగుతుంది' అన్న అచ్చులో మళ్ళీ రాయండి. ఆ వాక్యాన్ని అబద్ధం చేసే సన్నివేశం అదే కథలో ఉందేమో వెతకండి. దొరికితే వాక్యాన్ని మార్చుకోండి, సన్నివేశాన్ని దాచకండి.

క్లెయిర్ కీగన్ నవల 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' (2021) ఈ పరీక్షకు బాగా పనికొస్తుంది. 1985, ఐర్లండ్, క్రిస్మస్ రోజులు. బొగ్గు అమ్ముకునే బిల్ ఫర్లాంగ్ సరుకు దింపడానికి క్రైస్తవ సన్యాసినులుండే కాన్వెంటుకు వెళ్తే, బొగ్గుల కొట్టులో ఒక అమ్మాయి బందీగా కనబడుతుంది. అతనికి అయిదుగురు కూతుళ్ళు. వాళ్ళ చదువు ఆ సన్యాసినుల దయ మీదే ఉంది. అయినా చివరికి ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటికి నడుస్తాడు, నవల అక్కడితో అయిపోతుంది. తర్వాత ఏమైందో రచయిత్రి చెప్పలేదు. కాబట్టి 'మంచి చేస్తే మంచే జరుగుతుంది' అని రాస్తే పుస్తకంలో లేనిది రాసినట్టు. నన్నడిగితే: ఒకడు ధైర్యం చేస్తే, దాని ఖర్చులో అడగకుండానే ఇంటిల్లిపాదికీ వాటా పడుతుంది. దీన్ని 2024లో సినిమాగా తీశారు. అది చూసి నవల మీద రాయకండి. పేజీలో అతని ఆలోచనలు వినబడతాయి, తెర మీద వాటిని ఫర్లాంగ్‌గా నటించిన కిలియన్ మర్ఫీ ముఖంలో వెతుక్కోవాలి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఒకటిన్నర రెట్ల వేగంతో చూసి సమీక్ష రాయడం దారుణం. ఇందాకటి 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్'లో తరగడం, తోమడం, తుడవడం మనకు విసుగొచ్చేదాకా చూపిస్తారు. ఆ విసుగే ఆమె జీవితం. వేగం పెంచి దాన్ని తీసేస్తే మీ దగ్గర మిగిలేది కథాసారాంశం మాత్రమే. మొదటి ఆట వదలకముందే నక్షత్రాలు వేసేవాళ్ళతో పోటీకి దిగకండి. వాళ్ళు చేసేది వేరే పని.

ఆరువందల మాటల సమీక్షలో కథకు వంద చాలు. మీరు పట్టుకున్న వస్తువుకు రెండువందల యాభై ఇవ్వండి, మిగతాది పాఠానికీ లోపాలకూ పంచండి. ముగింపును బయటపెట్టక తప్పని సమీక్ష అయితే, ఆ మాట మొదటి పేరాలోనే చెప్పేయండి.