బోరు నీళ్లతో పురుగులు తినే మొక్కలు బతకవు

ప్రశ్న: కావలి దగ్గర చిన్న నర్సరీ నడుపుతున్నాను. ఆన్‌లైన్‌లో వీనస్ ఫ్లైట్రాప్ మొక్కలు పది తెప్పిస్తే నెల తిరక్కుండానే ఆరు మాడిపోయాయి. రోజూ బోరు నీళ్లే పోస్తున్నాను. బలానికని రెండుసార్లు వర్మీకంపోస్ట్ కూడా వేశాను. నీళ్లు కాచి చల్లార్చి పోస్తే చాలా, మినరల్ వాటర్ క్యాన్లు కొనాలా?

జవాబు: మీరు పంపిన ఫొటోలో మొక్క కన్నా ముందు కుండీ అంచు కనిపించిందండీ నాకు. చుట్టూ తెల్లగా పట్టిందే, అది ఉప్పు, గోటితో గీకితే పొడిలా రాలుతుంది. మీరు పోసిన నీరు ఎండకి ఆవిరైపోతుంది, అందులోని లవణాలు మాత్రం కుండీలోనే ఉండి రోజురోజుకీ పేరుకుంటాయి. మామూలు పూల మొక్కలు కొంతవరకు ఓర్చుకుంటాయి గానీ ఇవి అమెరికాలో కరొలినా రాష్ట్రాల చిత్తడి నేలల్లో పుట్టిన మొక్కలు, అక్కడి మట్టిలో పోషకాలు దొరక్కనే పురుగుల్ని పట్టుకుంటాయి, అందుకే లవణాలు ఎక్కువైతే వేర్లు మాడిపోతాయి. వర్మీకంపోస్ట్ కూడా అదే పని చేసింది. ఇక ఏ ఎరువూ వద్దు.

కాచినా లాభం లేదు. గిన్నె అడుగున కొంత సున్నం దిగుతుందేమో, మిగతా ఉప్పు అలాగే ఉంటుంది, పైగా నీళ్లు ఆవిరై తగ్గేసరికి ఆ ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. పటిక తిప్పినా అంతే.

నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనండి, పెన్నులా ఉంటుంది, కొన్ని వందల్లో వస్తుంది. 50 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులో చెప్పే లెక్క) లోపు చూపిస్తే ఆ నీళ్లు భేష్, 100 దాటితే పోయకండి. క్యాన్ నీళ్లని కూడా నమ్మేయకండి, రుచి కోసం కొన్ని ప్లాంట్లలో ఖనిజాలు కలుపుతారు, కాబట్టి క్యాన్ తెచ్చిన ప్రతిసారీ మీటర్ ముంచి చూడాల్సిందే. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టుకున్నా పనికొస్తాయి.

నన్నడిగితే వాన నీళ్లే మేలు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఉండనే ఉన్నాయి, వంద చదరపు అడుగుల రేకు మీద ఒక్క సెంటీమీటరు వాన పడినా 90 లీటర్ల దాకా వస్తాయి. మొదటి వానని రేకు కడగడానికి వదిలేసి, తర్వాతది డ్రమ్ములో పట్టి దోమ దూరకుండా మూత బిగించండి.

మిగిలిన నాలుగు మొక్కల్నీ ఇవాళే తీసి వేర్లని వాన నీళ్లతోనో ఆర్‌ఓ నీళ్లతోనో కడిగి, ఎరువు కలపని పీట్ మాస్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాయి) కలిపి కొత్త కుండీల్లో నాటండి. కోకోపీట్ వాడితే బాగా కడగాలి, అందులోనూ ఉప్పుంటుంది. కుండీ కింద పళ్లెంలో అర అంగుళం నీళ్లు ఉంచితే చాలు. నల్లబడ్డ ఆకులు కత్తిరించేయండి, పురుగుల్ని పట్టే ఆకు మూసుకుంటుందా లేదా అని వేలు పెట్టి చూడటం మానండి, ఊరికే మూసుకున్న ప్రతిసారీ మొక్కకి శక్తి దండగ.

అమ్మకానికైతే ఫ్లైట్రాప్ జోలికి పోవద్దనే అంటాను, దానికి శీతాకాలంలో చలి కావాలి, అది కావలిలో ఎక్కడ దొరుకుతుంది? మన రాష్ట్రంలోనే సహజంగా పెరిగే డ్రోసెరా బర్మానై అనే, జిగురు ఆకులతో పురుగుల్ని పట్టే చిన్న మొక్క మన వేడికి తట్టుకుంటుంది, విత్తనంతోనూ సులువుగా వస్తుంది. దానికీ ఇవే నీళ్లు.