ఒంటరిగా కనుమ ఎక్కబోతున్న మేనకోడలికి

చిట్టీ,

నువ్వొక్కదానివే కనుమ దాకా నడిచి, రాత్రి కొండ మీదే పడుకుని వస్తావట. మీ నాన్న ఫోన్ చేసి “నువ్వైనా చెప్పక్కా” అన్నాడు. వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను చెప్పను. నీ వయసులో ఆ మాట నాకూ చాలామంది చెప్పారు, నేనూ ఆగలేదు. కబురు తెలిసిన దగ్గర్నుంచి ఒకపక్క గుబులు, ఇంకోపక్క మా పిల్ల వెళ్తోందని సంబరం. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. కొత్త బూట్లతో వెళ్లకు. మ్యాప్ ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉండాలి. హెడ్‌ల్యాంప్‌కి అదనంగా బ్యాటరీలు పెట్టుకో. వాగు నీళ్లు ఒక నిమిషం తెర్లనిచ్చి తాగు, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. ఎంత చలేసినా టెంట్ లోపల స్టవ్ వెలిగించకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మీ నాన్నకి జంతువులంటే భయం. నాకు చలంటే భయం. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు గాలి. రెండు శిఖరాల మధ్య సందు కదా కనుమంటే, కొండకి అటువైపు గాలంతా ఆ సందులోంచే దూసుకొస్తుంది.

మీ మామయ్య సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఆయన చెప్పుకోరు. పెళ్లయిన కొత్తలో మేమిద్దరం, ఇంకొందరు స్నేహితులు కలిసి ఒక కనుమ ఎక్కాం. మధ్యాహ్నం వాన పట్టుకుంది. చెట్లు అయిపోయే చోట ఆగిపోదామని మేమన్నాం. ఆయన వినలేదు. “నేను ముందెళ్లి టెంట్ వేసి ఉంచుతా, మెల్లగా రండి” అని వెళ్లిపోయారు. ఒంటి మీద కాటన్ చొక్కా. రెయిన్ జాకెట్ బ్యాగ్ అడుగున ఉంది. నడుస్తుంటే ఒళ్లు వేడిగానే ఉందని దాన్ని తియ్యలేదు.

మేం చేరేసరికి చీకటి పడుతోంది. మడత విప్పని టెంట్ పక్కన, కర్ర చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏమైందంటే “ఏం లేదు, వేస్తున్నా” అన్నారు. మాట ముద్దగా వచ్చింది. జాకెట్ అందిస్తే తొడుక్కున్నారు గానీ జిప్పు పడలేదు. రెండు వేళ్ల మధ్య ఆ చిన్న ముక్కని పట్టుకోవడం, అది జారిపోవడం, మళ్లీ పట్టుకోవడం. అది చూస్తుంటే నాకు కాళ్లు ఆడలేదు. అంత తడిసిన మనిషి వణకడం లేదు! వణికే ఓపిక కూడా ఒంట్లో అయిపోయిందన్నమాట. తనకేం కాలేదనే ఆయన అనుకుంటున్నారు.

తడి బట్టలు విప్పేశాం. కింద మందంగా పరిచి పొడి స్లీపింగ్ బ్యాగ్‌లోకి దూర్చాం. మింగగలుగుతున్నారని చూసుకుని వేడి తీపి నీళ్లు గుక్కగుక్కగా తాగించాం. బాగా పొద్దుపోయాక వణుకు మొదలైంది. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

మా గుంపులో అందరికంటే బలమైన మనిషి ఆయన. ఆ బలాన్ని నమ్ముకునే ఆగలేదు. మేం వెనకే ఉన్నాం కాబట్టి సరిపోయింది. నీ వెనక ఎవరూ రారు తల్లీ. చలి ముందు బుర్రనే పట్టుకుంటుంది. నీ మాట ముద్దగా వస్తోందని చెప్పడానికి అక్కడ ఎవరుంటారు?

అందుకే ఆగిన ప్రతిసారీ బొటనవేలితో చిటికెనవేలిని తాకి చూసుకో. తాకలేకపోతే ఇక ఆలోచించకు. వెంటనే పొడి బట్టలు, జాకెట్ వేసుకుని, ఏదైనా తిని, కిందికి దిగు. చలేశాక కాదు, చలెయ్యకముందే జాకెట్ వేసుకోవాలి. రాత్రి పడుకోవడానికని ఒక జత బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకో. పగలు సరదాకి కూడా తియ్యకు. నువ్వు పంపిన సామాన్ల లిస్టులో జీన్స్ ఉంది, ఏమే, ఇన్నాళ్లూ నా వెనక నడిచి నేర్చుకున్నది ఇదేనా? తడిస్తే తొందరగా ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. తీసెయ్.

కనుమ మీద పడుకోకు. కాస్త దిగి, గాలి తగలని చోటు చూసుకో. మరీ గుంటలోకి పోకు, రాత్రి చల్లగాలి దిగి అక్కడే నిలుస్తుంది. మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నమే కమ్ముతాయి కాబట్టి పొద్దున్నే ఎక్కేసెయ్. ఉరుము వినపడితే ఫొటోలు మానేసి దిగు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం వస్తే ఒక్క అడుగు కూడా పైకి వెయ్యొద్దు, తగ్గకపోతే దిగిపో. ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలో ఇంట్లో ఉండగానే రాసి పెట్టుకో. ఆ టైమ్‌కి కనుమ కళ్లెదురుగా కనపడుతున్నా సరే, తిరిగిపో.

వెళ్లే దారి, పడుకునే చోటు, దిగే టైమ్ రాసి నాకొక కాగితం, మీ నాన్నకొక కాగితం ఇవ్వు. పైన సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకు. నువ్వు ఎంత ఆలస్యమైతే రెస్క్యూ వాళ్లకి ఫోన్ చెయ్యాలో నువ్వే చెప్పు. ఆ టైమ్ దాటితే నేను ఇంకో నిమిషం ఆగను, తర్వాత నా మీద అలిగినా సరే. మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు బ్యాగ్ సర్దుకుని ఆదివారం ఒకసారి ఇటు రా, ఏం పెట్టావో చూస్తాను.

మీ అత్త