ఆశ లేనప్పుడు సాయం ఎలా అడగాలి?

ఉద్యోగం పోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని, ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పుకోలేకపోతున్నానని, దేని మీదా ఆశ మిగలనప్పుడు ఎవరినైనా సాయం అడిగి మాత్రం ఏం లాభమని మీరు రాశారు. ఇలాంటి స్థితిని దాటి వచ్చినవారు ఉంటే ఎలా దాటారో చెప్పమని కూడా అడిగారు. నేను దాటి వచ్చాను కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

అయితే ముందుగా ఒక విషయం. బతకడం వృథా అనే ఆలోచన వచ్చి పోవడమే కాకుండా, ఎలా, ఎప్పుడు అనే దాకా మీ మనసు వెళుతూ ఉంటే, ఈ జవాబును పక్కన పెట్టి ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లో పురుగుమందులు గాని, ఎక్కువ మొత్తంలో మాత్రలు గాని ఉంటే వాటిని మరొకరి స్వాధీనంలో ఉంచమని చెప్పండి. అటువంటి ఆలోచనల ఉధృతి చాలామందిలో కొన్ని గంటల్లో తగ్గుతుంది, ఆ గంటలు గడవడానికి పక్కన ఒక మనిషి ఉండడం చాలా అవసరం.

నేను శ్రీకాకుళం జిల్లాలో అధ్యాపక వృత్తిలో ఉన్నాను. మా నాన్నగారు దీర్ఘకాలం మంచాన ఉండి కాలం చేశారు. ఆయన వైద్యానికి చేసిన అప్పు, అదే సమయంలో దూరపు కళాశాలకు బదిలీ, రెండూ కలిసి వచ్చాయి. నాకు ఏడుపు రాలేదు. డిప్రెషన్ అంటే ఎప్పుడూ ఏడుస్తూ ఉండడమని అనుకునేవారు చాలామంది ఉన్నారు గాని, నా విషయంలో లోపల ఏ కదలికా లేకుండా పోయింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, ఆ తర్వాత నిద్ర పట్టేది కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే రుచి తెలిసేది కాదు. ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే తరగతి మధ్యలో ఆగిపోయేది. అన్నిటినీ మించి, నాన్నగారిని సరిగా చూసుకోలేదన్న అపరాధ భావం పగలంతా వెంట ఉండేది. ఇంట్లో అందరికన్నా ఎక్కువగా ఆయన దగ్గర గడిపింది నేనే అయినా ఆ భావం పోలేదు. జరిగిన వాస్తవాన్ని కూడా మన మీదే నేరంగా మోపడం ఈ జబ్బుకు ఉన్న లక్షణాల్లో ఒకటని వైద్యులు తర్వాత చెప్పారు.

మా ఊళ్లో అందరూ చేసినట్టే మొదట దగ్గరి వైద్యుడి దగ్గర బలానికి ఇంజెక్షను, సెలైను పెట్టించారు. నీరసం అన్నారు. బంధువులు నవగ్రహ పూజ చేయించారు, అది నాకు ఇష్టమే, ఆ పూట ఇల్లు మనుషులతో నిండి కాస్త ఊరటగా కూడా ఉంది. అందరిలోనూ ప్రేమ ఉంది, సందేహం లేదు. కానీ "నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు" అనే మాట మాత్రం నన్ను మరింత లోపలికి నెట్టింది. ఏమీ తక్కువ లేని మనిషినై ఉండి ఇలా అయిపోయానంటే తప్పు నాదే అన్న నిర్ధారణకు ఆ మాటతోనే వచ్చాను. మీ చుట్టూ ఉన్నవారు ఇదే మాట అంటూ ఉంటే, వారికి జబ్బు సంగతి తెలియక అంటున్నారని గుర్తుంచుకోండి. అది మీ గురించిన తీర్పు కాదు.

దారి మార్చింది మా అక్క. విశాఖపట్నంలో ఉంటుంది. ఫోన్‌లో నా గొంతు విని ఆ వారాంతంలోనే వచ్చింది. మానసిక వైద్యుల దగ్గరకు వెళదామంది. వెళ్లినా ప్రయోజనం ఉండదని, నాకు ఏ నమ్మకమూ లేదని చెప్పాను. దానికి ఆమె, "నమ్మకం లేకపోతే లేకపోయింది, నమ్మకం లేకుండానే రా" అంది. మీ ప్రశ్నకు నా దగ్గర ఉన్న అసలు జవాబు ఈ మాటే. ఆశ కలిగిన తర్వాత సాయం అడుగుదామని ఎదురుచూస్తే ఆ రోజు రాదు, ఎందుకంటే ఆశను కమ్మేయడమే ఈ జబ్బు చేసే పని. జ్వరం తగ్గాక మాత్ర వేసుకుంటానని ఎవరూ అనరు కదా. మందు పనిచేయడానికి గాని, కౌన్సెలింగ్ పనిచేయడానికి గాని మీరు ముందుగా ఆశావాదిగా మారనక్కరలేదు. వెళ్లి కూర్చుంటే చాలు.

అలా అక్కతో వెళ్లినప్పుడు ఆసుపత్రి ఓపీలో జరిగినది చెబితే మీ భయం కొంత తగ్గవచ్చు. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, అలసట, ఏకాగ్రత, ఆసక్తి, మీ మీద మీకున్న అభిప్రాయం, చావు ఆలోచనలు ఎలా ఉన్నాయో వరుసగా అడిగారు. 9 ప్రశ్నలున్న ఒక కాగితం నింపించారు. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు, 27 మార్కులకు ఉంటుంది, మార్కులు పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువని అర్థం. థైరాయిడ్, విటమిన్ బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా దాదాపు ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు చేయించుకోకుండా వదలవద్దు. నాకు అవన్నీ మామూలుగానే వచ్చాయి. రోజుకు ఒక మాత్ర మొదలుపెట్టారు.

ఆ మాత్రల గురించి ముందే తెలిసి ఉండవలసిన సంగతి ఒకటుంది. చెడు ఫలితాలు ముందు వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొందరికి ఆందోళన ఎక్కువవడం ఉంటాయి. మనసు తేలికపడడం సాధారణంగా 2 నుంచి 6 వారాల మధ్య మొదలవుతుంది. ఈ మధ్యకాలంలోనే చాలామంది మందు పడలేదని మానేస్తారు. పాతికేళ్ల లోపు వారిలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే అవకాశం కూడా ఉంది, కాబట్టి మీది ఆ వయసే అయితే ఇంట్లో ఒకరికి ఆ విషయం చెప్పి ఉంచాలి, ఏ మార్పు కనిపించినా వెంటనే వైద్యులకు తెలియజేయాలి. నాలో వచ్చిన మార్పును నాకన్నా ముందు అక్కే గమనించింది. పప్పులో ఉప్పు తక్కువైందని నేను అన్నానట. నెలల తర్వాత తిండి గురించి నేను మాట్లాడిన మొదటి మాట అదేనని ఆమె పక్క గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుందని చాలా కాలానికి మా బావగారు చెప్పారు.

మాత్రలతో పాటు ఒక సైకాలజిస్టు దగ్గరకు కూడా పంపారు. ఆమె నా బాల్యం గురించి లోతుగా తవ్వుతుందని అనుకున్నాను గాని, ఒక కాగితం తీసి వారానికి సరిపడా చిన్న చిన్న పనులు రాయించింది. పొద్దున ఏడు లోపు స్నానం, చెరువు గట్టు దాకా నడక, ఒక పాత స్నేహితుడికి ఫోన్, అంతే. చేయాలనిపించినా అనిపించకపోయినా చేయమంది, చేశాక మనసు ఎలా ఉందో పక్కన అంకె వేయమంది. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెట్టడం మామూలు మనుషుల పద్ధతి, డిప్రెషన్‌లో పనే ముందు రావాలి, ఉత్సాహం దాని వెనక వస్తుంది అని వివరించింది. ఈ పద్ధతిని గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించి చూశారు. వైద్యులు కాని, కొద్దికాలం శిక్షణ పొందిన స్థానికులే కొన్ని విడతలుగా రోగులతో మాట్లాడారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం 3 నెలల తర్వాత అలా మాట్లాడించినవారిలో 64 శాతం మంది కోలుకోగా, ఆ మాటలు లేకుండా మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం మంది కోలుకున్నారు. సాటి మనిషి క్రమం తప్పకుండా పక్కన కూర్చుని మాట్లాడడం వైద్యంలో భాగమేనని నేను ఇంత గట్టిగా నమ్మడానికి ఆ ఫలితమూ, నా అనుభవమూ రెండూ కారణమే.

ఇక ఎవరిని అడగాలి అన్న మీ మాట. మిమ్మల్ని ఎక్కువగా ప్రేమించేవారినే మొదట అడగాలని లేదు. తొందరపడి ఏడవనివారిని, విన్నది నలుగురికి చెప్పనివారిని, చెప్పిన సమయానికి వచ్చేవారిని ఎంచుకోండి. పిన్ని కావచ్చు, పాత సహోద్యోగి కావచ్చు, కింది వాటాలో ఉండే అంకుల్ కావచ్చు. "నాకు బాగోలేదు" అని మాత్రమే అంటే అవతలివారికి ఏం చేయాలో తోచక సలహాలు మొదలుపెడతారు. అందుకని ఒక పని అప్పగించండి. "సోమవారం నాతో పాటు ఆసుపత్రికి రండి, లోపల నేను మాట్లాడలేకపోతే మీరు చెప్పండి" అనండి. "వారం రోజుల పాటు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేయండి, నేను మాట్లాడకపోయినా మీరు మాట్లాడండి" అనండి. మా కళాశాలలో ఒక తెలుగు మాస్టారు నా కోసం ఇదే చేశారు. రోజూ సాయంత్రం వచ్చి నన్ను నడకకు తీసుకువెళ్లేవారు, ఏనాడూ కారణం అడగలేదు. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఇక్కడ మాటల్లో పెట్టలేను.

అమ్మానాన్నలకు ఉద్యోగం సంగతి, ఆరోగ్యం సంగతి ఒకేసారి చెప్పడం కష్టమైతే ఆరోగ్యం గురించే ముందు చెప్పండి. "నిద్ర లేదు, ఆకలి లేదు, డాక్టరుకు చూపించుకోవాలి" అంటే ఏ తల్లిదండ్రులకైనా అర్థమవుతుంది. ఉద్యోగం మాట వైద్యం మొదలయ్యాక చెప్పవచ్చు, అప్పటికి చెప్పే శక్తి మీకే వస్తుంది. వీలైతే ఈలోగా పొలం అమ్మడం, ఊరు మారడం, పెళ్లి సంబంధం తెంచుకోవడం వంటి పెద్ద నిర్ణయాలు ఏవీ తీసుకోకండి.

నలుగురికీ తెలుస్తుందన్న భయం నాకూ ఉండేది. మన దగ్గర మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లనే ఎగతాళికి వాడతారు, ఆ ఎగతాళి వల్ల ఎంతమంది వైద్యానికి దూరమయ్యారో తలచుకుంటే నాకు బాధ, కోపం రెండూ కలుగుతాయి. నిజానికి డిప్రెషన్‌కు అంత దూరం వెళ్లవలసిన అవసరం ఎక్కువమందికి ఉండదు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మిగతా విభాగాల మధ్యే మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. 2018 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. శారీరక జబ్బులతో సమానంగా వీటికీ ఆరోగ్య బీమా వర్తింపజేయాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని కూడా అదే చట్టం చెబుతోంది. కాబట్టి పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో చావు ఆలోచనలను వైద్యుల దగ్గర దాచకండి.

బాగైంది అనిపించగానే మాత్ర ఆపవద్దు. మొదటిసారి వచ్చినవారికి కూడా లక్షణాలు తగ్గాక సుమారు 6 నుంచి 9 నెలలు కొనసాగించి, ఆ తర్వాత మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెదరడం వస్తాయి. నాకు ఇప్పుడు మందులు లేవు. తెల్లవారుజామున మెలకువలు వరసగా వస్తే మాత్రం ఆగకుండా వెళ్లి చూపించుకోవాలని అక్కకూ నాకూ మధ్య ఒప్పందం ఉంది.

మీరు ఓపీకి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుని వెళ్లండి: ఇది ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఇప్పుడు వాడుతున్న ఇతర మందులేవి, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా. లోపల గొంతు పెగలకపోతే ఆ కాగితం వైద్యుల చేతికి ఇచ్చేయండి. ఉదయం ఓపీ తెరిచే వేళకే చీటీ తీసుకుంటే ఎక్కువసేపు కూర్చోనక్కరలేదు. తోడుగా ఎవరూ దొరకని పక్షంలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో 14416 వారినే అడగండి, మీ జిల్లాలో ఎక్కడ చూపించుకోవచ్చో వారు చెబుతారు.