పిక్‌ల సంఖ్య కాదు, అవి ఏ ఏడాదివో చూడండి

NBA బాస్కెట్‌బాల్‌లో వయసు మళ్లిన స్టార్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (ఏటా జరిగే డ్రాఫ్ట్ తొలి విడతలో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు) వదులుకోవడం సబబేనా అని అడిగారు. జట్టు ఎంత బలహీనంగా ఆడితే దాని పిక్ సాధారణంగా అంత ముందు స్థానంలో పడుతుంది. 2013లో బ్రూక్లిన్ నెట్స్ సరిగ్గా ఇదే చేసింది. 37 ఏళ్ల కెవిన్ గార్నెట్, 35 ఏళ్ల పాల్ పియర్స్‌ల కోసం బోస్టన్ సెల్టిక్స్‌కు 2014, 2016, 2018 పిక్‌లను ఎలాంటి రక్షణ షరతూ (పిక్ మరీ ముందు స్థానంలో పడితే ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకునే షరతు) లేకుండా ఇచ్చి, 2017లో బోస్టన్ తన పిక్ ఇచ్చి బ్రూక్లిన్ పిక్ తీసుకునే మార్పిడి హక్కును కూడా ధారపోసింది. జట్టు ఇంకా బాగానే ఆడుతుండడం వల్ల 2014 పిక్ 17వ స్థానంలో పడింది, నష్టం పెద్దగా తెలియలేదు. ఇద్దరు స్టార్లూ వెళ్లిపోయాక, 2015-16లో 82 ఆటల్లో 21 మాత్రమే గెలిచేసరికి, 2016 పిక్ 3వ స్థానానికి చేరి బోస్టన్‌కు తర్వాత స్టార్‌గా ఎదిగిన జేలెన్ బ్రౌన్‌ను తెచ్చిపెట్టింది. మరుసటి ఏడాది ఆ మార్పిడి హక్కు ఏకంగా మొదటి పిక్ అయి కూర్చుంది! అందువల్ల మీరు చెప్పిన మూడింటిలో ఆ స్టార్ కాంట్రాక్టు ముగిసిన తర్వాతి ఏళ్లవి ఎన్నో ముందు లెక్కించండి. దగ్గరి ఏడాదివి రెండిచ్చినా నాకు అభ్యంతరం లేదు కానీ, దూరపు ఏడాదిదాన్ని కనీసం టాప్ 4 రక్షణైనా లేకుండా ఇవ్వడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.